ఘాట్ దిగేటప్పుడు ‘ఎం’ వేస్తే గేర్‌బాక్సు పోతుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు చేత్తో గేర్లు వేసే బండ్లే నడిపాను. బెంగళూరులో ఉండే మా అబ్బాయి కొత్త కారు కొనుక్కుని పాతది నాకిచ్చాడు. డీజిల్ బండి, ఆరు గేర్ల ఆటోమేటిక్, ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ రకమని చెప్పాడు. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల రాయచోటిలో పెళ్లికి పోయి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే సగం దారిలో కాలిన వాసన మొదలైంది. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ‘ఎం లోకి లాగి రెండో గేరు వేయండి మామయ్యా’ అని వెనక నుంచి మా అల్లుడు అరిచాడు. ‘ఎం’ అంటే ఏ గేరు కావాలో మనమే చేత్తో ఎంచుకునే స్థానమట. ఆటోమేటిక్‌ను చేత్తో కెలికితే గేర్‌బాక్సు పోతుందని మా వీధి మెకానిక్ అంతకుముందే చెప్పి ఉన్నాడు, ఆ భయంతో వేయలేదు. మామూలుగా దిగుడులో న్యూట్రల్ వేయడం నాకు మొదటి నుంచీ అలవాటు, డీజిల్ మిగులుతుందని. ఇందులో అది చేయొచ్చా? గేర్‌బాక్సు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని సర్వీస్ సెంటర్‌లో అన్నారు. మెకానిక్ మార్చాలంటాడు. మా స్నేహితుడేమో మారిస్తే ఉన్నది కూడా పోతుందంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: సార్, ఆ రోజు కారులో సరిగ్గా మాట్లాడింది మీ అల్లుడు. మీకు వచ్చిన వాసన గేర్‌బాక్సుది కాదు, బ్రేకులది. ఆ పూట బండి తనే గేర్లు మార్చుకునే ‘డి’లో దిగారో న్యూట్రల్‌లో దిగారో మీరు రాయలేదు. ‘డి’లో పెట్టి బ్రేకు మీద కాలు ఆనించి దిగినా, అలవాటు కొద్దీ న్యూట్రల్ వేసినా, బండిని ఆపే పని దాదాపు మొత్తం బ్రేకుల మీదే పడి ఉంటుంది.

మీరు లెక్కల సారు కాబట్టి ఒక లెక్క చెప్తాను. కారు, అందులో మనుషులు, డిక్కీలో పెళ్లి సామాను, గువ్వలచెరువులో కట్టించుకున్న పాలకోవా పొట్లాలు, అంతా కలిపి రెండు టన్నులనుకోండి. ఆ బరువు 200 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. 2000ను 9.8తో, దాన్ని మళ్లీ 200తో గుణిస్తే దాదాపు 39 లక్షల జౌళ్లు. అంటే ఒక యూనిట్ కరెంటు కన్నా కొంచెం ఎక్కువే. రెండు వేల వాట్ల గీజర్‌ను అరగంట వేసి వదిలితే ఎంత వేడి పుడుతుందో, అంత వేడి అరచేయంత కూడా లేని బ్రేకు ప్యాడ్ల దగ్గర పుడుతుంది. వాసన రాక ఏమవుతుంది?

వాసనతో ఆగితే అదృష్టమే. ప్యాడ్లు మరీ కాలితే పట్టు తగ్గిపోతుంది. దానికన్నా ప్రమాదం బ్రేకు ఆయిల్‌ది. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే లెక్కలు 230, 155. లోపల ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది, బండి ఆగదు. ఆ ఘాట్‌లో బ్రేకులు పట్టక లోయ వైపు పోయిన లారీల కథలు మీ వైపు వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. అందుకని ఈ ఉత్తరం చదివిన వారంలోపే ప్యాడ్లు విప్పించి చూపించండి. నున్నగా, అద్దంలా మెరుస్తుంటే కాలినట్టే, మార్పించండి. బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటి ఉంటే దాన్నీ మార్పించండి. గేర్‌బాక్సు సంగతి ఆ తర్వాతే.

ఇక ‘ఎం’ గురించి. మీ మెకానిక్ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పాత బండ్లలో గేరు వేయడమంటే మన చెయ్యి లోపలి పళ్ల చక్రాల దాకా పోయినట్టే. తప్పుగా వేస్తే గర్రుమనేది. మీ బండిలో లివర్‌కూ గేర్లకూ మధ్య అలాంటి చుట్టరికం లేదు. ‘ఎం’లో పెట్టి మైనస్ వైపు లాగితే ఒక స్విచ్ నొక్కినట్టు, అంతే. ఆ కబురు కంప్యూటర్‌కు పోతుంది. ఇంజను వేగం, చక్రాల వేగం చూసుకుని, సరేననుకుంటే లోపలి ఆయిల్ ఒత్తిడితో ఒక క్లచ్చు వదిలి ఇంకో క్లచ్చు పట్టిస్తుంది. ‘డి’లో తనంతట తాను గేరు మార్చేటప్పుడు చేసేదీ సరిగ్గా ఇదే.

ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. కండక్టర్ ‘రైట్ రైట్’ అంటాడు, బస్సు కదిలించేది డ్రైవరే. ముందు ఎద్దులబండి అడ్డం ఉంటే కండక్టర్ ఎన్నిసార్లు అరిచినా బస్సు కదలదు. ‘ఎం’లో మీరు కండక్టర్, డ్రైవర్ లోపలున్నాడు. 80 మీద పోతూ పొరపాటున మొదటి గేరు అడిగినా ‘కీ’ మని ఒక చప్పుడు చేసి ఊరుకుంటుంది, వేయదు. బండి ఆగిపోతుంటే మీరు మరిచిపోయినా తనే మొదటి గేరుకు దిగుతుంది. చాలా బండ్లలో ఇంజను ఎర్ర గీతకు చేరితే తనే పై గేరుకు పోతుంది కూడా.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెద్ద ఎత్తున తయారై అమ్ముడైంది 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలో. కింది గేర్లను పట్టి ఉంచే స్థానం లివర్ మీద ఎన్నో ఏళ్ల నుంచీ ఉంది. పాత ఆటోమేటిక్‌లలో ‘2’, ‘ఎల్’ అని రాసి ఉండేవి అందుకే. ముందుకూ వెనక్కూ తోస్తూ ఒక్కో గేరు మార్చుకునే ప్లస్, మైనస్ పద్ధతికి పోర్షె వాళ్ల టిప్‌ట్రానిక్ 1990 ప్రాంతంలో పేరు తెచ్చింది. వాడితే పాడయ్యేదే అయితే కంపెనీ వాళ్లు ఖర్చు పెట్టి లివర్ పక్కన ఆ సందు ఎందుకు పెడతారు?

‘ప్యాడ్లు చవక, గేర్‌బాక్సు ఖరీదు, అందుకే ప్యాడ్లనే అరగనీ’ అనే మాట కూడా వింటుంటారు. ఊళ్లో తిరిగేటప్పుడు ఆ మాట నిజమే. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల బజారులో ప్రతి మనిషి దగ్గరా గేరు తగ్గించి బండి ఆపాల్సిన అవసరం లేదు, బ్రేకు ఉన్నది అందుకే. ఘాట్‌లో ఆ లెక్క పనికిరాదు. ఒక చిన్న విషయం ఆలోచించండి. మీరు అదే కొండ ఎక్కేటప్పుడు ఇంజను గేర్‌బాక్సు మీద వేసిన బలం ఎంత? దిగేటప్పుడు చక్రాలు వెనక నుంచి గేర్‌బాక్సును తోసే బలం ఎంత? ఎక్కేటప్పటిదే చాలా ఎక్కువ. ఎక్కినప్పుడు పోని గేర్‌బాక్సు దిగేటప్పుడు ఎందుకు పోతుంది?

దిగే పద్ధతి చెప్తాను. ఘాట్ మొదలయ్యాక కాదు, మొదలు కాకముందే, రోడ్డు ఇంకా సాపుగా ఉన్నప్పుడే వేగం 40కి తెచ్చుకోండి. లివర్‌ను ‘ఎం’లోకి జరపండి. మీటర్లో ‘ఎం’ పక్కన అంకె కనిపిస్తుంది, ఆ వేగానికి 3 అని ఉంటుంది బహుశా. దిగుడు మొదలవగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. బండి దానంతటది అదే వేగంలో దిగుతుంటే గేరు సరిపోయినట్టు. వేగం పెరుగుతూ పోతుంటే బ్రేకు ఒకసారి గట్టిగా నొక్కి, వేగం తగ్గాక రెండో గేరుకు దించండి. బ్రేకు ముందు, గేరు వెనక. ఒకేసారి రెండు గేర్లు దించొద్దు. వాన పడి రోడ్డు తడిగా ఉన్నప్పుడు మలుపు మధ్యలో అసలే దించొద్దు, మలుపుకు ముందే ఆ పని ముగించుకోండి.

రెండో గేరు పడగానే ఇంజను వేగం చూపే సూది రెండున్నర, మూడు వేల దగ్గరికి లేస్తుంది. ఇంజను హోరు పెరుగుతుంది. ‘ఏంది ఈ చప్పుడు’ అని మీ ఆవిడ అడుగుతారు. భయపడాల్సిందేమీ లేదు. మీ డీజిల్ ఇంజనుకు ఎర్ర గీత నాలుగు వేలు దాటాకే ఉంటుంది, మీటర్లో చూసుకోండి. అందులో ఇంకో సంగతి ఉంది. పెట్రోలు ఇంజనులో కాలు తీసేస్తే గాలి తలుపు మూసుకుని, ఇంజను ఊపిరి బిగబట్టినట్టై బండిని బాగా వెనక్కి లాగుతుంది. డీజిల్ ఇంజను అలా ఊపిరి బిగబట్టదు, దాని పట్టు తక్కువ. అందుకే పక్కింటాయన పెట్రోలు కారు మూడులో దిగిన చోట మీది రెండులో దిగాల్సి వస్తుంది. మీ బండిలో లోపమేమీ కాదు.

గేరు వేశాక కూడా బ్రేకు అవసరం పడుతుంది. పడినప్పుడు మూడు, నాలుగు సెకన్లు గట్టిగా నొక్కి, పూర్తిగా వదిలేయండి. కాలు ఊరికే ఆనించి ఉంచడమే అసలు తప్పు. వదిలిన ఆ కాసేపట్లో డిస్కులకు గాలి తగులుతుంది. అప్పటికీ వాసన వస్తే వెడల్పైన చోటు చూసి ఆపి అరగంట చల్లారనివ్వండి. బాటిల్ తీసి చక్రాల మీద నీళ్లు పోయకండి, కాలిన డిస్కు వంకర పోతుంది. అది ఘాట్‌లో రోజూ చూసే దృశ్యమే.

కొన్ని బండ్లు ‘డి’లోనే దిగుడును పసిగట్టి, మీరు బ్రేకు నొక్కగానే తమంతట తామే ఒక గేరు తగ్గిస్తాయి. మీ బండి అలా చేస్తుందనే నమ్మకం పెట్టుకోకుండా చేత్తో వేసుకోండి. ప్లస్ ఎటు, మైనస్ ఎటు అనేది లివర్ పక్కన గీసి ఉంటుంది, చూసుకోండి. చాలా కార్లలో ముందుకు తోస్తే ప్లస్, బీఎండబ్ల్యూలో ముందుకు తోస్తే మైనస్. మొదటిసారి ఘాట్‌లో నేర్చుకోవద్దు. ఒక ఆదివారం పొద్దున్నే మైదుకూరు వైపు ఖాళీ రోడ్డు మీద 60లో పోతూ ఒకటి దించి, ఒకటి ఎక్కించి చూడండి. పది నిమిషాల్లో చేతికి వచ్చేస్తుంది, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న చెయ్యి కదా.

ఎక్కేటప్పుడు కూడా ‘ఎం’ పనికొస్తుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. నిండా సిమెంటు లోడుతో పోతున్న లారీ వెనక పడ్డారనుకోండి. ‘డి’లో బండి మూడా, నాలుగా అని తేల్చుకోలేక మార్చి మార్చి వేస్తుంటుంది. అలా మార్చిన ప్రతిసారీ లోపల క్లచ్చులు కాస్త జారి పట్టుకుంటాయి, టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ చిలికినట్టు అవుతుంది. రెండూ వేడే. మూడులో పట్టి ఉంచితే ఆ గొడవే ఉండదు, గేర్‌బాక్సు చల్లగా ఉంటుంది. ఓవర్‌టేక్ చేసే ముందు కూడా అంతే. ఎదర రోడ్డు ఖాళీ అయ్యాక యాక్సిలరేటర్ తొక్కితే అది ఒక క్షణం ఆలోచించి గేరు దించుతుంది. ఆ క్షణమే టెన్షన్. ముందుగానే ఒక గేరు దించి పెట్టుకుంటే తొక్కగానే లేస్తుంది. అంతకుమించి సాపు రోడ్డు మీద ‘ఎం’తో పని లేదు, ‘డి’లో వదిలేయండి. పై గేరులో పెట్టి తక్కువ వేగంలో ఈడ్చడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఐదో గేరు పట్టుకుని గుట్ట ఎక్కిద్దామనుకుంటే ఇంజను మూలుగుతుంది, కన్వర్టర్ కాలుతుంది.

ఇప్పుడు న్యూట్రల్. దీని మీద నాకు కొంచెం కోపం ఉంది, మన సీమలో డ్రైవర్లకు దీని మీద ఉన్న ప్రేమ అంత గట్టిది మరి. కార్బ్యురేటర్ల కాలంలో అందులో ఎంతో కొంత లాభం ఉండేదేమో. ఇప్పటి ఇంజను గేరులో ఉండి, మీరు కాలు తీసేసి దిగుతుంటే ఇంజెక్టర్లు డీజిల్ పోయడం ఆపేస్తాయి. ఇంజనును తిప్పేది చక్రాలే, చుక్క డీజిల్ ఖర్చు కాదు. న్యూట్రల్ వేయగానే చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగిపోతుంది, ఇంజను ఆగిపోకుండా ఉండాలంటే డీజిల్ పోయక తప్పదు. అంటే మిగల్చడానికని మీరు వేసిన న్యూట్రలే డీజిల్ తాగుతుంది. నమ్మకం లేకపోతే మీటర్లో అప్పటికప్పుడు మైలేజీ చూపించే తెర పెట్టుకుని దిగండి. గేరులో దిగుతుంటే ఆ గీత చివరిదాకా పోయి నిలబడుతుంది.

గేర్‌బాక్సుకూ న్యూట్రల్ మంచిది కాదు. దిగుడులో వేగం పెరిగాక మళ్లీ ‘డి’ వేస్తే, నిమిషానికి ఎనిమిది వందలు తిరుగుతున్న ఇంజనును వేగంగా తిరుగుతున్న చక్రాలతో ఒక్కసారిగా కలపాలి. ఆ దెబ్బ తినేది లోపలి క్లచ్చు పలకలే. అన్నిటికన్నా ముఖ్యం, ఘాట్‌లో న్యూట్రల్ వేసిన బండికి బ్రేకు తప్ప ఇంకో దిక్కు లేదు.

ఆయిల్ విషయంలో మీ మెకానిక్ మాట వినండి. ‘జీవితాంతం’ అనే మాటలో ఎవరి జీవితం అనేది చెప్పరు. వారంటీ జీవితమా, బండి జీవితమా? ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్, తన గేర్‌బాక్సుల్లో 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎక్కువలో ఎక్కువ 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. వాటినే బిగించుకున్న కార్ల కంపెనీలు కొన్ని జీవితాంతం అని రాస్తాయి. చేసినవాడి మాట వినాలా, అమ్మినవాడి మాట వినాలా? మీ కారు పుస్తకంలో కూడా ‘కఠిన వాడకం’ అని విడిగా ఒక పట్టిక ఉంటుంది, తీసి చదవండి. ఎండలో, దుమ్ములో, కొండ రోడ్లలో, ఆగి ఆగి పోయే ట్రాఫిక్‌లో తిరిగే బండి దాని కిందికే వస్తుంది. మే నెలలో 44 డిగ్రీలు చూసే కడప జిల్లాలో మీ బండి ఇంకే పట్టిక కిందికి వస్తుంది? పది డిగ్రీల వేడి పెరిగితే ఆయిల్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. గేర్‌బాక్సును చంపేది చెయ్యి కాదు సార్, వేడి.

మారిస్తే పోతుందనే మీ స్నేహితుడి మాటకూ ఒక మూలం ఉంది. లక్షన్నర కిలోమీటర్లు ఒక్కసారి కూడా మార్చకుండా తిప్పి, గేరు పడడానికి తడబడుతున్నాక, ఇంజను హోరెత్తుతున్నా బండి కదలనప్పుడు షెడ్డుకు తెస్తారు. ఆయిల్ మార్చి చూడు అంటారు. మారుస్తాం. నెలకు గేర్‌బాక్సు పోతుంది. ‘ఆయిల్ మార్చాకే పోయింది’ అని ఊరంతా చెప్తారు. చివరి గంటలో పెద్దాసుపత్రికి తీసుకుపోయి, ఆసుపత్రికి పోయాకే పోయాడన్నట్టు. మీది 78 వేలే, గేర్లు సాఫీగా పడుతున్నాయంటే భయం లేదు. ఇదే సరైన సమయం.

మార్పించేటప్పుడు పక్కనే నిలబడండి. మొదట సీసా మీద పేరు చూడండి. ఆటోమేటిక్ ఆయిల్ అన్నీ ఒకటి కావు. హ్యుందాయ్ ఆరు గేర్ల ఆటోమేటిక్‌కు ఎస్పీ-4 అంటారు, టొయోటాకు డబ్ల్యూఎస్ అంటారు. ఒకదానిలో ఇంకొకటి పోస్తే క్లచ్చులు జారడమో, కొట్టుకోవడమో మొదలవుతుంది. మీ పుస్తకంలో రాసిందే పోయించండి. బోల్టు విప్పితే పాతది మొత్తం దిగదు, దాదాపు సగం కన్వర్టర్‌లోనూ లోపలా ఉండిపోతుంది. మొత్తం ఏడు, ఎనిమిది లీటర్లు పట్టే పెట్టెలో దిగేది మూడు, నాలుగు లీటర్లే. అందుకని మూడు, నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి అలాగే దించి పోస్తే చాలావరకు కొత్తదవుతుంది. మెషిన్ పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగేస్తామంటే మొదటిసారికి నేనైతే వద్దంటాను. అడుగున పేరుకున్న మురికి లేచి సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది.

లెవెల్ చూడడం ఇంకో కళ. చాలా బండ్లకు ఇప్పుడు డిప్‌స్టిక్కే లేదు. ఇంజను నడుస్తుండగా, ఆయిల్ పుస్తకంలో చెప్పిన వేడికి వచ్చాక, పక్క బోల్టు విప్పి సన్నగా చుక్కలుగా కారేదాకా చూడాలి. చల్లటి బండిలో కళ్లతో అంచనా వేసి పోసేవాడైతే ఇంకొకరిని చూసుకోండి.

వేడి గురించి ఇంకొక్క మాట. కొన్ని కార్లలో గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లార్చే గొట్టాలు రేడియేటర్‌లోపలే ఉంటాయి. రేడియేటర్ లోపల చిల్లు పడితే నీళ్లూ ఆయిలూ కలిసిపోతాయి. ఎర్రటి ఆయిల్ తెల్లబడి అచ్చం రోజ్‌మిల్క్‌లా అవుతుంది. ఆ రంగు కనిపిస్తే ఇంజను ఆపేసి, అక్కడ నుంచి ఒక్క అడుగు కూడా నడపకండి. ఎండాకాలానికి ముందు రేడియేటర్ ముందు భాగం గాలితో కొట్టించండి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన పంటల పొట్టంతా మన బండి ముఖానే అంటుకుంటుంది.

మిగతావి అలవాట్లు. బండి పూర్తిగా నిలబడకుండా ‘డి’ నుంచి ‘ఆర్’కు, ‘ఆర్’ నుంచి ‘డి’కి మార్చొద్దు. ఇరుకు సందులో వెనక్కీ ముందుకూ తిప్పేటప్పుడు అందరూ చేసే తప్పు ఇదే. ఏటవాలుగా నిలిపేటప్పుడు బ్రేకు తొక్కి, న్యూట్రల్ వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు కాస్త వదిలి బండి బరువు హ్యాండ్ బ్రేకు మీద కూర్చున్నాక ‘పి’ వేయండి. నేరుగా ‘పి’ వేస్తే బరువంతా గేర్‌బాక్సులో చిటికెన వేలంత కొక్కెం మీద నిలబడుతుంది. తిరిగి బయల్దేరేటప్పుడు ‘టక్’మనే చప్పుడు దానిదే. ఎత్తు మీద ట్రాఫిక్‌లో బండి జారకుండా యాక్సిలరేటర్‌తో నిలబెట్టొద్దు, బ్రేకుతోనే నిలబెట్టండి.

లాక్కుపోవడం గురించి నా తప్పు ఒకటి చెప్తాను. షెడ్డు పెట్టిన కొత్తలో గుత్తి దగ్గర ఒక ఆటోమేటిక్ కారు ఆగిపోయిందని ఫోన్ వస్తే, న్యూట్రల్ వేసి తాడు కట్టి కర్నూలు దాకా లాక్కొచ్చాను. వెల్దుర్తి దాటేసరికే కింద నుంచి పొగ. గేర్‌బాక్సులో ఆయిల్ తిప్పే పంపును ఇంజనే నడుపుతుంది. ఇంజను ఆగి ఉండి చక్రాలు తిరుగుతుంటే లోపల భాగాలకు చుక్క ఆయిల్ అందదు. చెడిపోయింది ఒక సెన్సర్, నేను చెడగొట్టింది మొత్తం గేర్‌బాక్సు. ఆ డబ్బు నా జేబులోంచే పోయింది. కాబట్టి బండి ఆగిపోతే పడుకోబెట్టి తీసుకుపోయే లారీనే పిలవండి. తోసి స్టార్ట్ చేయడం కూడా దీనితో కాదు, బ్యాటరీ మంచిది పెట్టుకోండి.

ఈ జవాబు చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. మీది ఏఎంటీ అయితే అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్చు తొక్కే పని మోటారు చేస్తుంది. ఘాట్‌లో ‘ఎం’ దానికీ మంచిదే, ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో నిలబెడితే మాత్రం క్లచ్చు కాలిపోతుంది. ఆయిల్‌లో మునగని రెండు క్లచ్చులతో నడిచే డ్రై క్లచ్ డీసీటీ ఉన్నవాళ్లు శివరాత్రికి శ్రీశైలం ఘాట్ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరపకుండా, ముందు కాస్త ఖాళీ వదిలి ఒకేసారి కదలండి. బెల్టుతో నడిచే సీవీటీలో అసలు గేర్లే లేవు, ‘ఎల్’ గానీ ‘ఎస్’ గానీ వేసి దిగండి. దాని ఆయిల్ వేరు, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే లోపల బెల్టు జారి పాడైపోతుంది.

సార్, ఆయిల్ మార్పించిన రోజు పాతది కాస్త తెల్ల సీసాలో పట్టించి, పక్కన కొత్త ఆయిల్ పెట్టి ఫోటో తీసి పంపండి. టీ డికాక్షన్ రంగులో ఉంటే నిశ్చింతగా ఉండండి. నల్లగా మారి కాలిన వాసన వస్తుంటే, అడుగున ఉండే పళ్లెం విప్పించి అయస్కాంతానికి ఏం అంటుకుందో కూడా ఫోటో తీయండి. బూడిదలాంటి మెత్తటి పొడి మామూలే. ముక్కలు కనిపిస్తే నాకు ఫోన్ చేయండి, పెళ్లిళ్లకు ఇంకో బండి చూసుకుందాం.